పాత రికార్డులు, కొత్త చెవులు – 4వ పాఠం: 78 పెట్టినా పాట ఊగుతోందా?

పోయిన పాఠంలో గ్రామఫోన్ రికార్డు లేబుల్ అంచున కాగితం ముక్క అంటించి, నిమిషానికి 78 చుట్లు వచ్చేలా స్పీడు సరిచెయ్యమన్నాను. చాలామంది చేశారు. చేశాక పాట ఇంకా చెడిందన్నారు. తప్పు నాదే, సగమే చెప్పాను.

1925కు ముందు, కరెంటు మైకులు రాని కాలంలో, 70 నుంచి 80 పైదాకా రకరకాల స్పీడుల్లో రికార్డు చేశారు. 82లో చేసినదాన్ని 78లో తిప్పితే ఐదు కట్టైలో (కట్టై అంటే శ్రుతి ఎత్తు చెప్పే కొలత) పాడిన ఆవిడ దాదాపు నాలుగున్నరకు దిగిపోతుంది. గాయని శ్రుతి తెలిస్తే శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని షడ్జమం కలిసేదాకా స్పీడు మార్చండి. ఫోన్ యాప్‌ల కన్నా నాకు అదే నమ్మకం.

అసలు చిక్కు వేరే ఉంది. బైరాగిపట్టెడ నుంచి ఒక అక్కయ్య నాదస్వరం రికార్డు పట్టుకుని మా ఇంటికే వచ్చారు. పాత సామాన్ల అంగడిలో చవగ్గా కొన్నారట. స్పీడు సరిగ్గానే ఉంది, కానీ నిలిపి ఊదిన స్వరం కూడా వణుకుతోంది. "గమకమేమో", అంటే కావాలని స్వరాన్ని ఊపడమేమో, అన్నారు. కాదండీ! గమకం మూడు సెకన్లకు నాలుగుసార్లు చొప్పున గడియారంలా ఒకే లెక్కన రాదు. ఆ లెక్క 78లో తిరిగే రికార్డుది. తల వంచి, రికార్డు మీద సూదిని మోసే యంత్రపు చెయ్యిని చూడమన్నాను. చుట్టుకోసారి అటూ ఇటూ ఊగుతోంది. చవకగా అచ్చేసిన రికార్డుల్లో ఇరుసు దూరే చిల్లు సరిగ్గా మధ్యలో పడకపోవడం మామూలే. దీన్ని స్పీడు తప్పనుకుని మీట తిప్పుతూ కూర్చుంటారే, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

చిల్లు 1 మి.మీ. పక్కకు పడిందనుకోండి. మొదట్లో సూది మధ్య నుంచి 12 సెం.మీ. దూరంలో ఉంటుంది. శ్రుతి పైకీ కిందికీ నూటికి 0.8 వంతు మారుతుంది, చెవి పెద్దగా పట్టించుకోదు. చివర్లో 5 సెం.మీ.కి వచ్చేసరికి అదే తేడా నూటికి 2 అవుతుంది. పల్లవి బాగుండి చరణం చెడేది ఇందుకే. మీట తిప్పితే షడ్జమం మారుతుందే గానీ వణుకు పోదు.

చెయ్యి బయటి అంచువైపు బాగా జరిగిన క్షణంలో ఆపి, సూది కిందున్న వైపు లేబుల్ మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. చిల్లును ఆ వైపే సన్నని గుండ్రటి ఆకురాయితో అరగదీయాలి. ఊపు మొత్తం 2 మి.మీ. ఉంటే అరగదీయాల్సింది 1 మి.మీ. మాత్రమే. డ్రిల్లు వద్దు, లక్క రికార్డు పెళుసు, పగిలిపోతుంది. తర్వాత వేసినప్పుడల్లా గుర్తున్న వైపును ఇరుసుకేసి నెట్టి పెట్టండి.

అభ్యాసం: ఒక 10 అంగుళాల రికార్డు వేసి మూడు నిమిషాలు చుట్లు లెక్కపెట్టండి, 78లో తిరిగితే 234 రావాలి. తర్వాత మొదట, మధ్య, చివర షడ్జమం శ్రుతిపెట్టెతో కలిపి రాసుకోండి. ఇలా ఐదు రికార్డులకు, రెండు వైపులా. ఆకురాయి మాత్రం ముందు పగిలిన రికార్డు మీదే పట్టండి.