జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త

నుదుటి మీద చెయ్యి పెట్టి "ఒళ్ళు కాలిపోతోంది" అనుకుంటే సరిపోదు. వానాకాలంలో ఇంట్లో డిజిటల్ థర్మామీటరు ఉండాలి. నాలుక కింద పెట్టి, నోరు మూసుకుని, బీప్ అనేదాకా కదపకూడదు. కాఫీయో చల్లటి నీళ్ళో తాగి ఉంటే అరగంట ఆగి చూడాలి. చంకలో పెడితే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంది కాబట్టి, అంకెతో పాటు ఎక్కడ పెట్టి చూశారో, ఎన్ని గంటలకో కూడా రాసుకోండి. 100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్, వచ్చిందంటే జ్వరమే. సాయంత్రం పూట 99 కనిపిస్తే కంగారు అక్కర్లేదు.

జ్వరం ఎక్కేటప్పుడు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. చలి వేసేది అందుకే. అప్పుడు దుప్పటి కప్పండి. వణుకు ఆగాక మాత్రం రగ్గులు వేసి చెమట పట్టించవద్దు. ఐసు నీళ్ళతో ఒళ్ళు తుడిస్తే నాళాలు ఇంకా ముడుచుకుని మళ్ళీ వణుకు మొదలవుతుంది. తుడవాలనుకుంటే గోరువెచ్చని నీళ్ళు వాడండి.

మందు పారాసిటమాల్ ఒక్కటే. పెద్దలకు 500 లేదా 650 మి.గ్రా. మాత్ర, ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు మించకుండా. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాలే ఉంటుంది, అదీ లెక్కలోకి వస్తుంది. లివరు జబ్బున్నవాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు డాక్టరును అడిగే వేసుకోవాలి. పిల్లలకు వయసు కాదు, బరువు చూడాలి: కిలోకు 15 మి.గ్రా. పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. అన్నమాట. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 3 మి.లీ., 120 ఉన్నదైతే దాదాపు 6 మి.లీ. పొరపాట్లు జరిగేది ఇక్కడే. చుక్కల మందు సీసాలో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది, దాన్ని సిరప్ కొలతతో పోస్తే మోతాదు రెండింతల నుంచి నాలుగింతల దాకా అవుతుంది. లేబుల్ చదివి, సీసాతో వచ్చిన కొలతతోనే పోయండి. వంటింటి చెంచా వద్దు. మూడు నెలలు నిండని పసిబిడ్డకు 100.4 వస్తే ఇంట్లో మందేమీ వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్ ముట్టుకోవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఒళ్ళునొప్పులకని సొంతంగా ఆస్పిరిన్ కూడా వద్దు. గుండె కోసం రోజూ వేసుకునేవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా ఆపకూడదు.

లంఖణం పరమౌషధమంటారు గానీ, జ్వరంలో నీళ్ళు మానేస్తే ప్రమాదం. జావ, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, లీటరు నీటికి ఒక ప్యాకెట్ చొప్పున కలిపిన ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. ఆరు గంటలుగా మూత్రం రాలేదంటే ఒంట్లో నీళ్ళు చాలడం లేదు.

ఏ జ్వరమో లక్షణాలు కొంత చెబుతాయి. చలి, వణుకు, ఆపై చెమటలు విడతలుగా వస్తుంటే మలేరియా అనుమానించాలి, పాడేరు వంటి ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్ళొచ్చినవాళ్ళు మరీ. కళ్ళ వెనక నొప్పి, కీళ్ళూ కండరాలూ విరిగిపోతున్నట్టుంటే డెంగీ. రోజురోజుకూ పెరుగుతూ పోయేది టైఫాయిడ్. పొలం గట్లు, పొదల్లో తిరిగినవాళ్ళకు చంకలోనో గజ్జల్లోనో నొప్పిలేని నల్లటి పొక్కు కనిపిస్తే స్క్రబ్ టైఫస్. రోగి చూసుకోలేని చోట ఉంటుంది కాబట్టి వెతికి డాక్టరుకు చూపించాలి. వరదనీటిలో నడిచాక జ్వరంతో పాటు పిక్కల నొప్పి, ఎర్రటి కళ్ళు ఉంటే ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు.

మూడో రోజుకూ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. డెంగీకి మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష పనికొస్తాయి. టైఫాయిడ్‌కు మొదటి వారంలో వైడల్ రక్తపరీక్ష చేయించడం డబ్బు దండగ. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్‌కు, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షకు, రక్తం ఇవ్వాలి. ఒక్క ఇంజెక్షన్‌తో దించేస్తామనేవాళ్ళ దగ్గర, అందులో ఏముందో చెప్పనిదే చెయ్యి చాపకండి. స్టిరాయిడ్ అయితే జ్వరం దిగుతుంది, జబ్బు లోపల ముదురుతుంది.

డెంగీలో చాలామంది పొరబడేది జ్వరం విడిచిన రోజున. మూడు నుంచి ఏడు రోజుల మధ్య, వేడి దిగేటప్పుడే, రక్తనాళాల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, కారిపోవడం మొదలవుతుంది. తగ్గింది కదా అని పనికి వెళ్ళిపోతారు, పిల్లల్ని బడికి పంపేస్తారు. జ్వరం దిగాక రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. ఆగని కడుపునొప్పి, పదేపదే వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, చల్లబడిన చేతులు కాళ్ళు, మగత, చిరాకు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాలి, అర్ధరాత్రయినా సరే. అందరూ ప్లేట్‌లెట్ల అంకె చూసి బెంబేలెత్తుతారు గానీ, అవి పడుతూ హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతుంటే అసలు భయపడాలి. బొప్పాయి ఆకు రసం సెలైన్‌కు బదులు కాదు.

ఏ జ్వరమైనా ఆయాసం, మెడ బిగుసుకోవడం, నొక్కినా మాయం కాని ఊదా మచ్చలు, మాట తడబడటం ఉంటే 108కి ఫోన్ చేయండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు జ్వరంలో ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడండి. నోట్లో చెంచా, నీళ్ళు, తాళాలు ఏవీ పెట్టొద్దు. ఐదు నిమిషాలకు ఆగకపోతే అంబులెన్సు పిలవాలి. ముందే ఆగినా, మొదటిసారి వచ్చిందైతే అదే రోజు డాక్టరుకు చూపించాలి.