ఉపాధి హామీ మీద థీసిస్ రాస్తున్నారా? ముందు మస్టర్ (కూలీల హాజరు పట్టీ) చేతిలో పట్టుకోండి

"ఉపాధి, సంక్షేమం, గృహనిర్మాణ విధానాలు: ఒక పరిశీలన" అని టైటిల్ పెట్టుకుంటే గైడ్ సంతకం పెట్టేస్తారేమో గానీ, ఏళ్లు గడిచినా ఆ థీసిస్ తేలదు. ఒక పథకం, ఒక మండలం, ఒక ప్రశ్న చాలు. ఉదాహరణకి, 2022-23లో ఫలానా మండలంలో ఉపాధి కూలీ ఎన్ని రోజులకు ఖాతాలో పడింది, ఆలస్యమైతే ఎక్కడ ఆగింది? ఇంతే. మరీ చిన్నదంటారు, అననివ్వండి, వైవాలో నిలబడేది ఇలాంటిదే.

ఉపాధి హామీనే ఎందుకంటే, దీని రికార్డు దొరికినంత తేలిగ్గా ఇంకో పథకానిది దొరకదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకం ఇది, సామాజిక తనిఖీకి, అంటే ఊళ్లోవాళ్ల ముందే లెక్కలు సరిచూడటానికి, విడిగా సొసైటీ పెట్టిందీ ఉమ్మడి రాష్ట్రమే. జాబ్ కార్డు, మస్టర్, చెల్లింపు అన్నీ ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. కాకపోతే రెండు రాష్ట్రాలూ కొన్నేళ్లు సొంత సాఫ్ట్‌వేర్ వాడి తర్వాత కేంద్రం సాఫ్ట్‌వేర్‌కి మారాయి, కాబట్టి పాత ఏళ్లనీ కొత్త ఏళ్లనీ ఒకే టేబుల్‌లో పెట్టేముందు కాలమ్‌లు సరిపోల్చుకోండి.

2022-23లో అమల్లో ఉన్న 2005 ఉపాధి హామీ చట్టం ఒకసారి మీరే చదవండి, ఎవరో రాసిన సారాంశం వద్దు. అందులో 100 రోజులు కుటుంబానికి, మనిషికి కాదు. ఇది తెలియకుండా తలసరి లెక్కలు వేసిన థీసిస్‌లు లైబ్రరీల్లో చాలానే ఉన్నాయి. ఆ చట్టం ప్రకారం కూలీ 15 రోజుల్లో ఇవ్వాలి, 16వ రోజు నుంచి రోజుకి 0.05 శాతం పరిహారం. ఇప్పుడు అసలు విషయానికొద్దాం. అధికారిక రిపోర్టులో "15 రోజుల్లోపు చెల్లింపు" శాతం చూసి మురిసిపోకండి, ఆ లెక్క ఎఫ్‌టీవో, అంటే చెల్లింపు ఆర్డరు, తయారైన రోజుతో ఆగిపోతుంది. అక్కడి నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా పట్టే రోజులు అందులో ఉండవు. అందుకే మీ షీటులో మూడు తేదీలు వేరువేరుగా పెట్టుకోండి: మస్టర్ ముగిసింది, ఎఫ్‌టీవో అయింది, ఖాతాలో పడింది. మొదటి రెంటి మధ్య ఆగితే మండలాఫీసునో రాష్ట్రాన్నో అడగాలి, తర్వాత ఆగితే ఢిల్లీ వైపూ బ్యాంకు వైపూ చూడాలి.

మూడో తేదీకి పాస్‌బుక్ కావాలి, అంటే ఇంటికి వెళ్లాలి. ఏ ఇంటికి వెళ్లాలో ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడక్కండి, ఆయన చూపించే ఇళ్లు ఎలాంటివో మీకూ తెలుసు. జాబ్ కార్డుల జాబితా నుంచి లాటరీ తీసినట్టు ఎంచుకోండి, ఆయన పక్కన లేనప్పుడే మాట్లాడండి. ఉమ్మడి ఏపీలో స్మార్ట్‌కార్డుల చెల్లింపుల మీద 157 మండలాల్లో జరిగి, 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అచ్చయిన అధ్యయనంలో కూడా డబ్బు ఎంత దారి మళ్లిందో కొలిచింది ఇలాగే: కాగితం మీద ఎంత, ఇంట్లో చెప్పేది ఎంత అని పక్కపక్కన పెట్టడం.

"ఏప్రిల్ 10 నుంచి 16 దాకా పనికెళ్లారా?" అంటే ఎవరికి గుర్తుంటుంది? "ఉగాదికి ముందా వెనకా? చెరువు పూడికకా, కందకాలకా?" అనండి, చెప్తారు. మస్టర్‌లో ఆరు రోజులుండి ఒకామె నాలుగే వెళ్లానంటే వెంటనే అవినీతి అని రాసేయకండి. ఆ రెండ్రోజులు ఆమె బదులు కోడలు వెళ్లిందేమో కనుక్కోండి. చేతికొచ్చిన కూలీ తక్కువుంటే, చేసిన పని కొలతల్లో గ్రూపు మొత్తానికి తగ్గి అందరికీ కోత పడి ఉండొచ్చు. డబ్బే రాలేదంటే ఆధార్ చివరిసారి ఏ ఖాతాకి లింకయిందో అడగండి. 2024 జనవరి 1 నుంచి ఆధార్ చెల్లింపులే తప్పనిసరి చేశారు కాబట్టి, ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఇంకో బ్యాంకు ఖాతాలో పడి ఉన్న కేసులూ తగులుతాయి. ఇంకోటి, సర్వే అనగానే "మా పేరు ఎక్కుద్దా?" అని అడుగుతారు. ఎక్కదని, మీవల్ల ఏ పథకమూ రాదని మొదటి నిమిషంలోనే చెప్పేయండి.

నిరుద్యోగం అంకె కావాలంటే కేంద్రం చేసే ఉపాధి సర్వే పీఎల్ఎఫ్ఎస్ ఉంది గానీ, అది మండలానికి పనికిరాదు, శాంపిల్ అంత ఉండదు. రాష్ట్రానికి వాడినా ఏ లెక్కో రాయండి. వారం లెక్కలో ఆ ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే, ఏడాది లెక్క వేరు.

ఇళ్ల మీద చేసేవాళ్లు మంజూరైనవి, మొదలైనవి, పూర్తయినవి కలిపేయకండి. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్లలో 5 లక్షలు బేస్‌మెంట్, గోడలు, స్లాబ్ ఇలా దశలవారీగా వస్తాయి, కాబట్టి ఏ దశలో ఇల్లు ఆగిపోయిందన్నదే మంచి ప్రశ్న. జనం కాపురం ఉంటున్నారా అనేది ఈ లెక్కల్లో తేలదు, కరెంటు మీటరు తిరుగుతోందేమో మీరే చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో లేని కాగితాలకి ఆర్టీఐ పెట్టండి. మన రాష్ట్రాల్లో పంచాయతీకి ఫీజు లేదు, మండలాఫీసుకి 5 రూపాయలు, పైన 10. జవాబుకి 30 రోజుల గడువుంది, పైగా మొదటి జవాబు చాలాసార్లు సగమే వస్తుంది, అప్పీలు తప్పదు. అందుకని ఫీల్డ్‌కి బయల్దేరేలోపే దరఖాస్తు ఇచ్చేసి, రసీదు మీద ముద్ర వేయించుకోండి.