దీపావళి నుంచి సంక్రాంతి దాకా: వేరుశనగ అలర్జీ ఉన్న ఇంట్లో పాకెట్టు చిరుతిళ్ళ విషయంలో జాగ్రత్తలు

బెంగళూరులో కాపురముంటూ వేరుశనగ అలర్జీతో నెట్టుకొస్తున్న తెలుగు కుటుంబాలకు ఏడాది మొత్తంలో కష్టమైన కాలం దీపావళి మిఠాయి డబ్బాలతో మొదలై సంక్రాంతి వెళ్ళేదాకా ఉంటుంది. కార్తీకం కడపటి సోమవారం బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి దగ్గర కడలెకాయి పరిషె, అంటే పల్లీల జాతర జరుగుతుంది, మల్లేశ్వరంలో కాడు మల్లేశ్వరుడి గుడి దగ్గర కూడా పరిషె పెడతారు. ఆ రోజుల్లో ఆఫీసు క్యాంటీనులోనూ, బడిలో పక్క పిల్లవాడి డబ్బాలోనూ, పొరుగింటివారు ఆప్యాయంగా చేతిలో పెట్టే కాగితపు పొట్లంలోనూ పల్లీ కనిపిస్తుంది. జనవరి రాగానే ఎళ్ళు-బెల్ల వస్తుంది. తెల్ల నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, పుట్నాల పప్పు, వేయించిన పల్లీ బద్దలు కలిపిన ఆ మిశ్రమాన్ని కన్నడిగులు సంక్రాంతినాడు ఇంటింటికీ పంచుతారు. అదే పొట్లంలో పిల్లలకు ఎంతో ఇష్టమైన పంచదార అచ్చులు కూడా ఉంటాయి కాబట్టి, చిలక బొమ్మ ఒక్కటీ ఏరి పిల్లవాడికి ఇస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. ఆ అచ్చుకు పల్లీ పొడి అంటుకునే ఉంటుంది కనుక ఇవ్వకూడదు.

అలర్జీ ఉన్నవారి తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఏ కంపెనీ సరుకు మంచిది అన్నది. వాట్సాప్ గుంపుల్లో ఇలాంటి జాబితాలు తిరుగుతూనే ఉంటాయి గాని, నా మట్టుకు నేను వాటిని నమ్మను. ఒకే పేరుతో అమ్ముడయ్యే బిస్కెట్టు రెండు మూడు ఊళ్ళలోని వేర్వేరు కర్మాగారాల్లో తయారు కావచ్చు. ఒకచోట పల్లీల ఊసే ఉండకపోవచ్చు, మరొకచోట అదే యంత్రం మీద పొద్దున పల్లీ కుకీలు నడిచి ఉండవచ్చు. పెద్ద పాకెట్టు ఒకచోట, పది రూపాయల పాకెట్టు ఇంకొకచోట తయారవడమూ మామూలే. అందుచేత నమ్మదగింది కంపెనీ పేరు కాదు, చేతిలో ఉన్న పాకెట్టు మీది అక్షరాలూ, దాన్ని తయారు చేసిన కర్మాగారమూ మాత్రమే.

పాకెట్టు మీద ఏం చదవాలి

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం, పాకెట్టులోని పదార్థానికి వేరుశనగ వాడితే ‘కంటెయిన్స్’ అన్న మాట కింద దాన్ని విడిగా ప్రకటించడం తప్పనిసరి. గ్లూటెన్ ఉండే ధాన్యాలు, రొయ్యలూ పీతల వంటివి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, బాదం జీడిపప్పు వంటి గింజలు, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని సల్ఫైట్లు ఉన్న పదార్థాలు ఆ జాబితాలో ఉన్నాయి. నువ్వులు అందులో లేవన్నది గమనించదగ్గ సంగతి, ఎందుకంటే పల్లీ పడనివారిలో కొందరికి నువ్వులు కూడా పడవు.

అసలు చిక్కంతా ‘మే కంటెయిన్’ అన్న రెండో మాట దగ్గర ఉంది. పదార్థంలో పల్లీ వేయకపోయినా, అదే కర్మాగారంలో తయారయ్యే వేరే సరుకు నుంచి కలిసే అవకాశం ఉంటే ఆ సంగతిని ఈ మాట కింద చెప్పవచ్చునని నిబంధన అంటుంది, చెప్పి తీరాలని అనదు. కాబట్టి ‘మే కంటెయిన్’ అని రాసి ఉంటే ఆ పాకెట్టును అక్కడే వదిలేయాలి. ఆ మాట లేనంత మాత్రాన అంతా శుభ్రమని అనుకోకూడదు, కంపెనీ ఏమీ చెప్పలేదని మాత్రమే దాని అర్థం. ఇక ‘మే కంటెయిన్ నట్స్’ అని పొడిగా రాస్తే ఆ నట్స్‌లో వేరుశనగ కూడా ఉందనే భావించాలి. వృక్షశాస్త్రం ప్రకారం పల్లీ కందులూ పెసల కుటుంబానిదే అయినా, కర్మాగారంలో అది జీడిపప్పు బస్తా పక్కనే ఉంటుంది.

నూనెలకు ఈ ప్రకటన నుంచి మినహాయింపు ఉంది. పల్లీ నూనెలో వేయించిన చిప్సు పాకెట్టు మీద అలర్జీ హెచ్చరిక లేకపోవచ్చు గాని, పదార్థాల జాబితాలో నూనె పేరు కనిపిస్తుంది. బాగా శుద్ధి చేసిన నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు కనుక చాలామందికి అది ఇబ్బంది పెట్టదు. గానుగలో ఆడించిన నూనె సంగతి వేరు, అందులో ప్రోటీన్ మిగిలే ఉంటుంది. సంప్రదాయ పద్ధతి, గానుగ నూనె అని గొప్పగా ముద్రించుకుని బెంగళూరు ఆర్గానిక్ దుకాణాల్లో వరుసగా కనిపించే జంతికలూ మురుకుల పాకెట్లను ఈ కారణంగానే ముందు అనుమానించాలి. శుద్ధి చేసిన నూనె విషయంలో మీ అలర్జీ వైద్యుడి మాటే చివరి మాట.

మరో మినహాయింపు చిన్న పాకెట్లది. ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లు దాటని పొట్లం మీద పదార్థాల జాబితా లేకపోయినా నిబంధన ఒప్పుకుంటుంది, ఆ వివరాలు అవి వచ్చిన పెద్ద డబ్బా మీద ఉంటే చాలు. కిరాణా కొట్టులో చిల్లరకు బదులుగా చేతిలో పెట్టే చాక్లెట్లు, విడి చిక్కీలు, మిఠాయి బిళ్ళలు ఈ కోవలోకి వస్తాయి. పెద్ద డబ్బా చూపించమని అడగడం మొహమాటమైతే, పిల్లవాడికి దాన్ని ఇవ్వకపోవడమే సుఖం.

చదివేటప్పుడు పాకెట్టు ముందువైపు రాతలను పట్టించుకోనవసరం లేదు. హై ప్రోటీన్, వీగన్, గ్లూటెన్ ఫ్రీ, చిరుధాన్యాల కుకీ అన్న మాటలు ఆరోగ్యకరంగా వినిపిస్తాయి గాని, ప్రోటీన్ పెంచడానికి చౌకగా దొరికే వాటిలో పల్లీ పిండి ఒకటి. ఎనర్జీ బార్లలో అయితే పల్లీ వెన్న బంకలా పనిచేస్తుంది. వెనకవైపు పీనట్ అనే కాకుండా గ్రౌండ్‌నట్, మూంగ్‌ఫలీ, అరాకిస్ అన్న పేర్లతోనూ కనిపించవచ్చు. విదేశీ బిస్కెట్లూ పాస్తాలూ కొనేవారు లూపిన్ అన్న పేరును కూడా గుర్తుంచుకోవాలి, వేరుశనగ పడని కొందరికి ఆ పప్పు పిండి కూడా పడదు. పసుపు కాగితం మీద తెల్లని చిన్న అక్షరాలతో, అతుకు మడతలో సగం దాక్కున్న ప్రకటనను కళ్ళు చికిలించి చదవడం కంటే, ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడడం మేలు. నిన్న చదివిన పాకెట్టునే ఈరోజు కొన్నా మళ్ళీ చదవాలి, రంగూ బొమ్మా మారకుండానే తయారీ మారిపోవచ్చు.

కర్మాగారాన్ని అడగడం

పాకెట్టు మీద వినియోగదారుల ఫోను నంబరు, ఈమెయిలు ఉంటాయి. అక్కడ మీ సరుకులో పల్లీ ఉందా అని అడిగితే, లేదండీ లేబుల్ చూడండి అన్న సమాధానమే వస్తుంది. ఈ బ్యాచ్ ఏ కర్మాగారంలో తయారైంది, అక్కడ పల్లీ సరుకు తయారవుతుందా, ఒకే యంత్రం మీద నడుస్తుందా, ఒకే నూనెలో వేయిస్తారా, ఒక సరుకు నుంచి ఇంకో సరుకుకు మారేటప్పుడు ఎలా శుభ్రం చేస్తారు అని విడివిడిగా, ఈమెయిలులోనే అడగాలి. బిస్కెట్లు, చాక్లెట్లు, మసాలా చల్లిన చిరుతిళ్ళు తయారయ్యే యంత్రాలను చాలాచోట్ల నీళ్ళతో కడగరు, తడి తగిలితే బూజు పడుతుందని తుడిచి ఊరుకుంటారు. చాక్లెట్ యంత్రాల గొట్టాల్లో ముందటి సరుకు పూర్తిగా పోవడం మరీ కష్టం. సూటిగా జవాబిచ్చిన కంపెనీల సరుకుల్లోంచి నాలుగైదు రకాలు ఎంచుకుని, పండుగలకు నెల ముందే ఆ జాబితా స్థిరపరచుకుంటే, హడావిడిలో కొత్త పాకెట్టు కోసం వెతుక్కోనక్కరలేదు.

ఏ రకం సరుకులో ముప్పు తక్కువో ముందే కొంత ఊహించవచ్చు. మిక్చరు, సేవు, ఖారా బూంది చేసే కర్మాగారం ఉప్పు పల్లీలు కూడా చేయకుండా ఉండడం అరుదు కనుక, అక్కడి నుంచి వచ్చే కారప్పూస పాకెట్టులో పల్లీ కనిపించకపోయినా నేను కొననివ్వను. మరమరాలు నిరపాయమని చాలామంది అనుకుంటారు. బట్టీ దగ్గర ఒక్కసారి నిలబడి చూస్తే సంగతి తెలుస్తుంది: కాలిన ఇసుకలో పల్లీలు వేయించి జల్లెడ పట్టి, అదే ఇసుక మళ్ళీ మూకుట్లో పోసి మరమరాలో పుట్నాలో వేయిస్తారు. వేయిస్తే దోషం పోతుందన్న మాట మన పెద్దవాళ్ళ నోట వినిపిస్తుంటుంది గాని, వేరుశనగలో అలర్జీ కలిగించే ప్రోటీన్లు వేడికి లొంగవు. ఖర్జూరం, కిస్‌మిస్ వంటివి కూడా గింజలు నింపే యంత్రం మీదే పాకెట్టు కావచ్చు కనుక వాటినీ చదవాలి. అన్నిటికంటే నిశ్చింత అరటిపండు, ఇంట్లో వేయించుకున్న అటుకులు, పాలకోవా ముక్క. పాకెట్టు గురించి రాస్తూ ఇది చెప్పడం బాగోదేమో గాని, నిజం అదే.

బేకరీ, మిఠాయి కొట్టు

విడిగా అమ్మే సరుకుకు చదవడానికి లేబులే ఉండదు. బెంగళూరు అయ్యంగార్ బేకరీల్లో కారం పట్టించిన పల్లీ బద్దలను కాంగ్రెస్ కడలెకాయి అంటారు, ఆ సీసా పక్కనే ఖారా బిస్కెట్ల పళ్ళెం ఉంటుంది, రెంటికీ ఒకటే గరిటె. మన చెక్కల వంటి నిప్పట్టులో పల్లీ పొడి పడుతుంది. కాజు కత్లీలో ఖరీదు తగ్గించడానికి పల్లీ పొడి కలపడం, పల్లీ తరుగుకు పచ్చరంగు వేసి పిస్తా అని మిఠాయి మీద చల్లడం తెలిసిన మోసాలే. తప్పనిసరై అడగవలసి వస్తే కన్నడంలో “ఇదరల్లి కడలెకాయి ఇదెయా? అదే ఎణ్ణెయల్లి కడలెకాయి కరీతీరా?” (ఇందులో పల్లీ ఉందా, అదే నూనెలో పల్లీలు వేయిస్తారా) అని రెండు ప్రశ్నలూ కలిపి అడగాలి. కన్నడంలో ఉత్త కడలె అంటే శనగ, మన రాయలసీమలో శనక్కాయలంటే పల్లీలు కనుక, అనంతపురం నుంచి వచ్చిన అమ్మమ్మా, కొట్టులో కుర్రవాడూ ఒకే మాటకు రెండు అర్థాలు చేసుకునే ప్రమాదం నిజంగానే ఉంది. ఊరి నుంచి వచ్చే పొడులు, పచ్చళ్ళు, అరిసెల డబ్బాల విషయంలోనూ పెద్దవాళ్ళను ఇలాగే వివరంగా అడగాలి, ప్రేమతో పంపారు కదా అని ఊరుకోకూడదు.

ఆన్‌లైనులో పది నిమిషాల్లో ఇంటికి వచ్చే సరుకుకు తెర మీద కనిపించే లేబుల్ ఫొటో పాతది కావచ్చు. పాకెట్టు చేతికి వచ్చాక చదివిన తరువాతే విప్పాలి.

పరిషెకు వెళ్ళాలా వద్దా అని అడిగేవారికి ఒక మాట. ఉత్త వాసనలో ప్రోటీన్ ఉండదు, వాసనకే ప్రాణం మీదికి రావడం అరుదు. అయితే ఆ వీధిలో తొక్కల దుమ్ము, ఎవరెవరి చేతులో తాకిన బొమ్మలూ, నోట్లో వేలు పెట్టుకునే పసిపిల్లలూ కలిస్తే పరిస్థితి వేరు. ఐదేళ్ళలోపు పిల్లలను తీసుకువెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పెద్ద పిల్లలు వెళ్ళి వస్తే సబ్బుతో చేతులు కడిగించాలి. శానిటైజరు క్రిములను చంపుతుందే తప్ప పల్లీ ప్రోటీన్‌ను చేతి మీద నుంచి తొలగించదు. బడి సంచిలో శానిటైజరు సీసాకు బదులు చేతులు తుడుచుకునే తడి కాగితాలు (వెట్ వైప్స్) పెట్టడం అందుకే.

పొరపాటున తింటే

లక్షణాలు చాలావరకు కొద్ది నిమిషాల్లోనే, లేకుంటే రెండు గంటల లోపల మొదలవుతాయి. ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపుతో ఆగిపోవచ్చు. గొంతు బిగుసుకోవడం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, ఆగని వాంతులు, కళ్ళు తిరిగి వాలిపోవడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ, దానికి మొదటి మందు తొడ బయటివైపు కండరంలోకి ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షను. అలర్జీ మాత్ర దురద తగ్గిస్తుంది గాని ఊపిరిని కాపాడదు కనుక, మాత్ర వేసి చూద్దామని కూర్చోకూడదు. ఆస్తమా కూడా ఉన్న పిల్లల్లో ఆలస్యం మరింత ప్రమాదకరం. విదేశాల్లో వాడే, మందు ముందే నింపి ఉన్న ఆటో ఇంజెక్టర్లు మన దేశంలో మామూలుగా మందుల షాపుకు వెళ్ళి అడిగితే దొరికేవి కావు. అందువల్ల పండుగలకు ముందే వైద్యుడిని కలిసి, బరువును బట్టి మోతాదు రాయించుకుని, ఆంప్యూలు (మందు ఉండే చిన్న గాజు బుడ్డి), సిరంజి వాడడం ఇంట్లో ఇద్దరైనా నేర్చుకుని, మందు గడువు తేదీ చూసి పెట్టుకోవాలి.

ఇంజెక్షను ఇచ్చాక రోగిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో ఉంచాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టవచ్చు, హఠాత్తుగా లేపి నడిపించకూడదు. 108కి ఫోను చేయాలి. అవుటర్ రింగు రోడ్డు మీద సాయంత్రం ఆరు గంటలకు ఆసుపత్రి ఎంత దూరమో అక్కడ ఉండేవారికి చెప్పనక్కరలేదు, కాబట్టి ముందు ఇంజెక్షను, తరువాతే వాహనం. ఐదు నిమిషాలైనా తగ్గకపోతే వైద్యుడు చెప్పిన ప్రకారం రెండో మోతాదు ఇవ్వవలసి రావచ్చు. తగ్గినట్టు కనిపించినా, కొన్ని గంటల తరువాత మళ్ళీ తిరగబెట్టే అవకాశం ఉంది కనుక ఆసుపత్రిలో గమనికలో ఉంచడం అవసరం.

తిన్న పాకెట్టును ఆ కంగారులో చెత్తబుట్టలో పడేయకుండా, మిగిలిన తిండితో సహా ఒక కవరులో మూసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. వైద్యుడికి అది పనికి వస్తుంది. లేబుల్ మీద లేని పల్లీ లోపల ఉందని అనుమానం కలిగితే, దాని మీది బ్యాచ్ నంబరూ, 14 అంకెల లైసెన్సు నంబరూ ఫొటో తీసి ఆహార భద్రతా సంస్థ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అనే ఫోను యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు.