మాట్లాడే హక్కు – 3వ పాఠం: ఆపింది ఎవరు, జాగా ఎవరిది

పోయిన పాఠంలో రాజ్యాంగంలో మాట్లాడే హక్కు ఇచ్చే ఆర్టికల్ 19(1)(ఎ) చూశాం, దాన్ని కట్టడి చెయ్యాలంటే 19(2)లో ఉన్న ఎనిమిది కారణాల్లో ఏదో ఒకటి ఉండాలనీ చూశాం. ఇవాళ ప్రాక్టీసు. ఎవరైనా మిమ్మల్ని ఆపితే "నా హక్కు" అని గొంతు లేపే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి, ఆపుతున్నది ఎవరు, జాగా ఎవరిది.

విశాఖ పోర్టు బొగ్గు పొడి మీద కరపత్రం వేశారనుకోండి. జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్ ఆఫీసు) ఎదురుగా గాంధీ విగ్రహం దగ్గర పంచుతుంటే పోలీసులు వచ్చి ఆపారు, అంటే ఆపింది ప్రభుత్వం, జాగా పబ్లిక్‌ది, కాబట్టి ఏ ఆర్డర్ కింద ఆపుతున్నారండీ అని మర్యాదగా అడగండి, 163 (అదే పాత 144, జనం గుమికూడొద్దనే ఆర్డర్) ఉందంటే కాపీ చూపించమనండి. అవే కాగితాలు మాల్‌లో ఎస్కలేటర్ దగ్గర పంచితే సెక్యూరిటీ వచ్చి "ఇక్కడ కుదరదు సార్, బయట పంచుకోండి" అంటాడు, అక్కడ ఆపింది ప్రైవేటు వాళ్ళు, జాగా కూడా వాళ్ళదే, 19 పట్టుకుని వాదిస్తే లాభం లేదు. మీ ఇంటి అరుగు మీద ఎవడో మైకు పెడితే ఊరుకుంటారా? మాల్ వాళ్ళు పొమ్మన్నాక కూడా వాళ్ళని విసిగించాలనే కదలకుండా ఉంటే బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 329 కింద ట్రెస్‌పాస్ కేసు కూడా పెట్టొచ్చు. అలాగని ఆ సెక్యూరిటీకి మీ ఫోన్ లాక్కునే హక్కు రాదు, చెయ్యి చేసుకునే హక్కు అసలే రాదు.

2023 జనవరిలో కౌశల్ కిషోర్ కేసులో సుప్రీంకోర్టు 4-1తో, 19వ ఆర్టికల్ ప్రైవేటు వాళ్ళ మీద కూడా వాడొచ్చు అంది. మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని మాల్ గేటు దగ్గర ఫైటింగ్‌కి దిగమని నేనైతే చెప్పను.

ఆన్‌లైన్‌లోనూ ఇదే లెక్క. పోస్ట్ పోయిందంటే కంపెనీ తన రూల్స్ ప్రకారం తీసేసిందా, లేక ఐటీ చట్టం 69ఎ కింద ప్రభుత్వం తీయించిందా చూడండి. కంపెనీ అయితే ముందు వాళ్ళ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి (ఫిర్యాదులు చూసే ఆయనకి) రాయండి, 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, వాళ్ళ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి వెళ్ళొచ్చు. ఎవరైనా ఆన్‌లైన్ పోస్టులకి జైలు వేసే ఐటీ చట్టం 66ఎ పేరు చెప్పి బెదిరిస్తే భయపడొద్దు, అది 2015 మార్చి 24నే శ్రేయా సింఘాల్ కేసులో పోయింది. పరువునష్టం మాత్రం పోలేదు, బీఎన్ఎస్ 356 అలాగే ఉంది.

ఇంక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు. లిఫ్ట్ మెయింటెనెన్స్ లెక్కలు అడిగారని అడ్మిన్ తీసేశాడా? తీసెయ్యొచ్చు, కోర్టు దాకా వెళ్ళే విషయం కాదు. కానీ జనరల్ బాడీ మీటింగ్‌లోంచి తీసెయ్యలేడు కదా, అక్కడ అడగండి, అడిగినట్టు మినిట్స్‌లో రాయించండి.

హోంవర్క్: అదే కరపత్రం ఉక్కునగరంలో, అంటే విశాఖ స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్‌లో పంచితే? 1946లో అమెరికాలో చికసా అనే కంపెనీ టౌన్‌లో ఒకావిడ మత కరపత్రాలు పంచితే, ఊరు కంపెనీదైనా ఊరు ఊరే అని అక్కడి సుప్రీంకోర్టు ఆవిడ పక్షాన చెప్పింది. మనకి అంత దూరం వెళ్ళక్కర్లేదు, స్టీల్‌ప్లాంట్ ఎవరిదో ఆలోచించి, "రాజ్యం" అంటే ఎవరెవరో చెప్పే 12వ ఆర్టికల్ ఒకసారి చదివి రండి. ఆన్సర్ నాలుగో పాఠంలో.