రామ్‌స్టైన్ పోస్టింగ్ వచ్చిందా? ముందు లేబుల్ చూడండి

రామ్‌స్టైన్ అంటే జర్మనీలో ఉన్న అమెరికా వైమానిక స్థావరం. అమెరికా నుంచి మోసుకొచ్చిన కరెంటు సామాను జర్మనీలో పనికిరాకపోతే ఉసూరుమనిపిస్తుంది. ఇక్కడ కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్.

ప్యాకర్లు రావడానికి వారం ముందే ఫోన్ టార్చ్ వేసి, ప్రతి వస్తువు అడుగున, ఛార్జర్ల మీద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. '100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని ఉంటే పచ్చ స్టిక్కర్ అంటించండి. దానికి ప్లగ్ అడాప్టర్ చాలు. ఒట్టి 120 (అమెరికా వోల్టేజీ) అని ఉంటే ఎర్ర స్టిక్కర్, స్టోరేజీకి పంపేయండి. మా రైస్ కుక్కర్ అలాగే స్టోరేజీలో ఉండిపోయింది. గుంటూరు నుంచి అమ్మ ఇచ్చిన మిక్సీ మాత్రం 230దే కాబట్టి, అమెరికాలో అన్నేళ్లు అటక మీదున్నది ఇక్కడ రోజూ పచ్చడి రుబ్బుతోంది.

జాగ్రత్త, అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. ట్రాన్స్‌ఫార్మర్ కొన్నా హెర్ట్జ్ మారదు, అందుకే 60 హెర్ట్జ్ మీదే నడిచే ప్లగ్ గడియారాలు నెమ్మదిగా తిరుగుతాయి.