మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పెడుతున్నారా? చలి సంగతి తర్వాత, ముందు చెమ్మ సంగతి చూడండి

గుంటూరు చుట్టుపక్కల ఏ కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ మాట ఎత్తినా మొదటి ప్రశ్న ఒకటే. చాంబర్‌లో పది డిగ్రీల లోపు ఉంటుంది కదా, మెషిన్ తట్టుకుంటుందా అని. తట్టుకుంటుందండీ. మేలో రేకుల షెడ్డులో ఉడికిపోయే కంప్యూటర్ కంటే దీని బతుకే నయం. మామూలు ఎస్‌ఎస్‌డీలు, అంటే తిరిగే భాగాలు లేని చిప్ డిస్కులు, సున్నా డిగ్రీల దాకా పని చేస్తాయి. తిరిగే హార్డ్ డిస్కులకు మాత్రం చాలావాటికి 5 డిగ్రీలే కింది హద్దు, కాబట్టి అలాంటిది ఉన్న పాత సీపీయూని చాంబర్‌లోకి తీసుకెళ్లకండి. చలి గురించి ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు, టెన్షన్ పడాల్సింది చెమ్మకి.

మే మధ్యాహ్నం 38 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 50 శాతం ఉందనుకోండి. ఆ గాలి సుమారు 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకి తగిలినా దాని మీద నీళ్లు పట్టేస్తాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టే. చాంబర్‌లో ఆపేసి ఉన్న కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డు 8 డిగ్రీలకు దిగి ఉంటుంది. కొత్త సరుకు దిగే రోజుల్లో హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తుంటే తలుపు మూసేదెక్కడ? బయటి గాలి లోపలికి కొట్టుకొచ్చి ఆ బోర్డు మీదే నీళ్లవుతుంది. అప్పుడు ఎవరో వచ్చి స్విచ్ వేస్తారు, ఇంకేముంది.

కాబట్టి ముందు అడగాల్సింది అసలు లోపల కంప్యూటర్ అవసరమా అని. నన్నడిగితే చాలాచోట్ల అవసరం లేదు. లాట్ నంబర్లు, బాండ్లు (సరుకు పెట్టినట్టు రైతుకిచ్చే రసీదులు), రైతుల లెక్కలు ఆఫీసు గదిలోనే కొట్టుకోవచ్చు. లోపలి టెంపరేచర్ తెలియడానికి సెన్సర్ వైరు ఒక్కటి లోపలికి పోతే చాలు. కెమెరాలైనా అంతే, నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా లాగొచ్చు, రికార్డర్ ఆఫీసులో ఉంటుంది. యూఎస్‌బీ వైరుతో మాత్రం ఆ దూరాలు కుదరవు, ఐదు మీటర్లు దాటితే మొరాయిస్తుంది.

వైరు లాగేటప్పుడు ఒక చోట అందరూ అశ్రద్ధ చేస్తారు, గోడకు కొట్టిన కన్నం దగ్గర. కన్నంలో పైపు పెట్టి, వైరు దూర్చి, పనైపోయిందని వెళ్లిపోతారు. కానీ ఆ పైపు ఒక కొస చాంబర్‌లో ఉంది, రెండో కొస వేడి గాలిలో ఉంది. లోపలి చలికి పైపంతా చల్లబడి బయటి కొస దగ్గర వైరు మీద సన్నగా నీటి బొట్లు పడతాయి, ఒకటొకటిగా కలిసి తొడుగు వెంట జారుకుంటూ పోయి సరిగ్గా నెట్‌వర్క్ స్విచ్ బాక్సు పోర్టులో (వైరు గుచ్చే చోట) దిగుతాయి. రెండు మూడు వారాలకు పోర్టు లోపలి పిన్నులు పచ్చబడితే ఎలక్ట్రీషియన్ కేబుల్ కంపెనీని తిడతాడు. పైపును రెండు కొసలా ఫోమ్‌తోనో సిలికాన్‌తోనో పూర్తిగా మూసెయ్యాలి, వైరు పోర్టులోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిప్పి వదలాలి. నీళ్లు పట్టినా ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి.

లేదు, మెషిన్ లోపలే ఉండాలి అంటారా, అయితే ఫ్యాన్ లేని మినీ పీసీ తీసుకుని, మూత గట్టిగా పట్టే వాటర్‌ప్రూఫ్ పెట్టెలో పెట్టి, ఇరవైనాలుగు గంటలూ ఆన్‌లోనే ఉంచండి. నడుస్తున్న మెషిన్ చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా ఉంటుంది, మూసిన పెట్టెలోకి బయటి తేమా అంతగా దూరదు, ఇక చెమ్మ పట్టేదెక్కడ? కరెంటు బిల్లుకి భయపడకండి, 15 వాట్ల మెషిన్ నెలంతా ఆపకుండా నడిచినా దాదాపు 11 యూనిట్లే. బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే మూల సెట్టింగుల్లోకి) వెళ్లి కరెంటు పోయి వచ్చాక దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టండి, స్లీప్ మోడ్ తీసెయ్యండి. కరెంటు ఎక్కువసేపు పోయే చోటయితే ప్యానెల్ బోర్డుల్లో పెట్టే చిన్న స్పేస్ హీటర్‌ని, కరెంటు పోయినా ఆగని వేరే లైను మీద ఆ పెట్టెలో పెట్టించండి. యూపీఎస్‌ని మాత్రం ఆఫీసులోనే ఉంచండి, చలికి బ్యాటరీ బ్యాకప్ తగ్గుతుంది. ఇంకోటి, మూసేసిన ఈ పెట్టెను తీసుకెళ్లి ఎండాకాలం బయట వాడొద్దు, లోపల మెషిన్ మాడిపోతుంది.

అమెరికాలో మంచు పడే ఊళ్లలో హీటర్ లేని గ్యారేజీలో సర్వర్లు నడుపుకునే మనవాళ్లకు ఇంకా కొన్ని జాగ్రత్తలున్నాయి. సున్నాకు కిందికి దిగితే లిథియం బ్యాటరీని ఛార్జింగ్ పెట్టకూడదు, పెడితే లోపల లిథియం లోహంగా పేరుకుపోయి బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది, ఎల్‌సీడీ తెర కూడా మందగిస్తుంది. మనకు ఆ బాధలు లేవు. మెషిన్ ఆపొద్దన్నది మాత్రం వాళ్లకూ మనకూ ఒకటే.

రిపేరుకి బయటికి తేవాల్సి వస్తే తొందరపడకండి. చాంబర్‌లో ఉండగానే ఆఫ్ చేసి, అక్కడే మందపాటి పాలిథిన్ కవర్లో పెట్టి మూతి బిగించి కట్టండి. లోపలి చల్లగాలిలో నీటి ఆవిరి తక్కువ కాబట్టి కవర్లో పట్టేదీ తక్కువే. బయటికి తెచ్చాక కవరు పైన నీళ్లు కారతాయి, కారనివ్వండి. ఐదారు గంటలు అలాగే ఉంచి, లోపలి ఇనుము చేతికి చల్లగా తగలడం మానేశాకే కవరు విప్పి కరెంటు ఇవ్వండి.

అమోనియా ప్లాంటు అయితే కంప్రెసర్ గదిలో కంప్యూటర్ ఊసే వద్దు. అమోనియాకి తేమ తోడైతే రాగిని తినేస్తుంది, అందుకే ఆ ప్లాంట్లలో రాగి పైపులు వాడరు. కంప్యూటర్ నిండా ఉండేది రాగే. వాసన ఘాటుగా వస్తుంటే కంప్యూటర్ని వదిలేసి అందరూ బయటికి వచ్చి ఆపరేటర్‌ని పిలవండి.

ఆఫీసు సీపీయూకి శత్రువు మిర్చి దుమ్ము. మూత తీస్తే ఫ్యాన్ రెక్కల మీద ఎర్రగా అట్టకట్టి ఉంటుంది. నోటితో ఊదారంటే ఆ పూటకి కళ్లు పోయినట్టే. ఆరుబయటికి తెచ్చి, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడి, ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. సీజన్‌లో నెలకోసారి చేస్తే సరిపోతుంది.

సరుకు చూసుకోవడానికి బ్యాంకు వాళ్లు ల్యాప్‌టాప్‌తో వస్తే లోపలికి వెళ్లేటప్పుడు ఏం కాదు. గంటసేపు లోపల ఉండి బయటికి వచ్చేటప్పుడు మాత్రం బ్యాగు జిప్పు తియ్యకుండా ఆఫీసులో కాసేపు కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వండి.