తీర్చేసిన బాకీ సిబిల్‌లో బతికే ఉంటే

పోయినేడు ఇంటి లోన్‌కి అప్లై చేస్తే కుదరదన్నారు. ఎప్పుడో 2015లో మూసేసిన క్రెడిట్ కార్డు మీద నాలుగు వేల చిల్లర బాకీ ఉందట, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ రిపోర్టులో 'రిటన్ ఆఫ్' (వసూలు కాని బాకీగా రాసేశారు) అని పడిందట. ఆ వారంలోనే రికవరీ ఏజెంటు ఫోను: "సార్, ఇవాళ ఐదొందలు వేసి, మిగతాది కడతానని ఒక మెయిల్ పెట్టండి. కేసు లేకుండా చూస్తాం."

నేను వెయ్యలేదు, మెయిలూ పెట్టలేదు. మీరూ తొందరపడకండి. తాకట్టు లేని అప్పు మీద కోర్టుకు వెళ్లడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం మామూలుగా మూడేళ్లే గడువిస్తుంది. ఆ గడువులోపల బాకీ ఉన్నానని సంతకం చేసి రాసిచ్చినా, కొంత కట్టి దాన్ని రాతలో ఒప్పుకున్నా మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. గడువు దాటాక కూడా 'కడతాను' అని సంతకంతో రాసిస్తే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది కొత్త ఒప్పందమే. ఏజెంటుకి మన ఐదొందలకన్నా ఆ మెయిలే ముఖ్యమని నా అనుమానం. అతనితో నేనన్నది ఒకటే మాట: "వివరాలన్నీ రాతపూర్వకంగా పంపండి." పంపలేదు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ రూలు. ఆ మాట చెప్పాక రాత్రి ఫోన్లు ఆగాయి.

అలాగని గడువు దాటితే అప్పు మాఫీ అయినట్టు కాదు. దావా గెలవలేరు, అంతే. నిజంగా బాకీ ఉంటే రిపోర్టులో మచ్చ ఉండనే ఉంటుంది. ఇల్లు తాకట్టు పెట్టిన అప్పుల లెక్క పూర్తిగా వేరు.

ఇక రిపోర్టు సంగతి. ఈ రిపోర్టులిచ్చే క్రెడిట్ బ్యూరో సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. ఒక్కోటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీయండి. స్కోరు చూసి మూసేయకుండా అకౌంటు నంబరు, స్టేటస్, ఆఖరి పేమెంటు తేదీ ఒక్కొక్కటే చదవండి. నా తప్పు నాలుగింటిలో మూడు చోట్ల ఉంది.

బ్యూరో సైట్‌లో డిస్ప్యూట్, అంటే 'ఈ వివరం తప్పు' అన్న ఫిర్యాదు, పెట్టడానికి డబ్బు కట్టక్కర్లేదు. 'సిబిల్ క్లీన్ చేస్తాం' అని ఐదువేలు అడిగేవాళ్లు చేసేదీ ఇదే. నేను అదే రోజు బ్యాంకుకి కూడా మెయిల్ పెట్టాను. ఆఖరి బిల్లు కట్టినట్టు స్టేట్‌మెంటు, కార్డు మూసేశామని వాళ్లిచ్చిన పాత మెయిలు జత చేశాను. ఆ మెయిలే నన్ను కాపాడింది. కార్డు మూశాక వార్షిక ఫీజు వేసి, దాని మీద వడ్డీ, దాని మీద పెనాల్టీ పెంచుకుంటూ పోయారు.

ఫిర్యాదు నంబరు, తేదీ రాసి పెట్టుకోండి. బ్యాంకూ బ్యూరో కలిసి 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయలు మనకివ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధన ఇది. నాది 41 రోజులు పట్టింది. వాళ్లంతట వాళ్లు ఇవ్వలేదు, రూలు గుర్తు చేస్తే 1,100 అకౌంట్లో పడ్డాయి. అప్పటికీ కదలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఉచితంగా రాయొచ్చు. ముందు బ్యాంకుకో బ్యూరోకో ఫిర్యాదు చేసి 30 రోజులు ఆగి ఉండాలి, అది మర్చిపోకండి.

ఒక్క జాగ్రత్త. విసిగిపోయి కొంత తగ్గించి కట్టే 'సెటిల్‌మెంట్'కి ఒప్పుకుంటే రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. తర్వాత లోన్ ఇచ్చేవాళ్లకి అది పూర్తిగా కట్టలేదన్నట్టే కనిపిస్తుంది. బాకీ నిజమైతే మొత్తం కట్టి, బాకీ ఏమీ లేదని బ్యాంకిచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, 'క్లోజ్డ్' అని మార్చారో లేదో నెలన్నర తర్వాత మళ్లీ చూడండి. నా విషయంలో రెండు బ్యూరోల్లో మారింది, మూడోదాంట్లో మారలేదు. దానికి మళ్లీ అదే స్టేట్‌మెంటు, అదే మెయిలు జత చేసి పంపాల్సొచ్చింది.